మీకు తెలుసా? ‘మెక్‌డొనాల్డ్’లోని మెక్, ‘పావెల్’లోని ప ఒకటే!

స్కాట్లాండ్ ఇంటిపేరు మెక్‌డొనాల్డ్‌లోని ‘మెక్’, వేల్స్ ఇంటిపేరు పావెల్‌లోని మొదటి ‘ప’ ఒకే ప్రాచీన కెల్టిక్ పదం నుంచి వచ్చాయి. రెండింటికీ అర్థం ‘కొడుకు’.

• వెల్ష్‌లో కొడుకును ‘మాబ్’ అంటారు. పేర్ల మధ్య అది ‘అప్’గా అరిగిపోయింది. ‘అప్ హవెల్’, అంటే హవెల్ కొడుకు, పలకగా పలకగా పావెల్ అయింది. ‘అప్ రీస్’ ప్రైస్‌గా మారింది.

• మూల కెల్టిక్ భాషలోని ‘క్వ’ ధ్వని ఐరిష్, స్కాటిష్ గేలిక్‌లలో ‘క’గా, వెల్ష్, బ్రెటన్‌లలో ‘ప’గా స్థిరపడింది. తలను ఐరిష్‌లో ‘క్యాన్’ అంటే వెల్ష్‌లో ‘పెన్’ అంటారు. అందుకే స్కాట్లాండ్‌లోని కింటైర్, వేల్స్‌లోని పెంబ్రోక్ చెవికి వేరుగా వినిపించినా రెండు చోట్ల పేర్లకూ భావం ఒకటే: నేల కొస. వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ ఈ క-ప పోలికను 1707లో అచ్చయిన తన ‘ఆర్కియాలజియా బ్రిటానికా’లో చూపించాడు.

• తొలినాటి ఐరిష్‌లో ‘ప’ ధ్వనే లేదు. దాంతో మొక్క, అంటు అనే అర్థమున్న లాటిన్ ‘ప్లాంటా’ అక్కడ ‘క’ తొడుక్కుని ‘క్లాన్’ అయింది. వెల్ష్‌లో ‘ప్లాంట్’గానే నిలిచింది. ఈ రెండు మాటలకూ ఇప్పుడు అర్థం ‘పిల్లలు’. వంశం అనే అర్థంలో ఇంగ్లిష్‌వాళ్లు వాడే ‘క్లాన్’ గేలిక్ నుంచి తీసుకున్నదే.