ఏటి నీరు ఎవరిది? కృష్ణా-పెన్నార్ పథకము చెప్పు పాఠము

తమ చెంత పారు నదీజలమును వేరొక ప్రాంతమునకు మళ్ళింతురని విన్నపుడు గ్రామవాసులు కలతపడుట సహజము. అట్టి కలతను స్వార్థమని త్రోసివేయరాదు; విచారింపక సమర్థించుటయు తగదు. ఈ విషయమున మన కృష్ణానది చరిత్రయే మనకు చాలినంత బోధించుచున్నది.

1951లో ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రమున చేరియుండెను. నాటి ప్రభుత్వము కృష్ణా-పెన్నార్ పథకమును తలపెట్టినది. కృష్ణపై సిద్ధేశ్వరము వద్దను, పెన్నపై సోమశిల వద్దను ఆనకట్టలు కట్టి, కృష్ణాజలములను పెన్నలోనికి మళ్ళించి, దక్షిణమున తమిళ ప్రాంతమునకు కొనిపోవుట దాని సారాంశము.

ఆంధ్రులు దీనిని తీవ్రముగా ప్రతిఘటించిరి. బెజవాడ ఆనకట్ట క్రింద డెల్టా రైతులు నూరేండ్లుగా సాగు చేయుచుండిరి. ఎగువన నీరు తరలిపోయినచో వారికి ఎద్దడి తప్పదను భయము కలిగెను. నది ప్రక్కనే పారుచున్నను పల్నాటి మెట్టభూములు వానకై ఎదురుచూచుచుండెను. ఇంటివారి దాహము తీరకుండ పొరుగునకు నీరు పంపుట న్యాయమా యని ప్రజలడిగిరి. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ వలదనుటతో ఆగక, నందికొండ వద్ద ఆనకట్ట నిర్మింపవలెనని పట్టుదలతో కృషిచేసిరి. 1952లో ఖోస్లా అధ్యక్షతన గల సాంకేతిక సంఘము ఆ నిర్మాణమునే సిఫారసు చేసినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలబడెను.

అయితే ఈ విజయమున రాయలసీమకు భాగము దక్కలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములలో సీమ అవసరములకు ప్రాధాన్యమిచ్చినది. సిద్ధేశ్వరము ఆగిపోవుటతో సీమకు రాదగిన నీరును ఆగిపోయినది. ఒకరికి రక్షణయైన ప్రతిఘటన వేరొకరికి నష్టమగుట ఇందు గమనింపదగినది.

తరువాత 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లు మద్రాసు త్రాగునీటికై ఒక్కొక్కటి 5 టి.ఎం.సి.ల చొప్పున ఇచ్చుటకు సమ్మతించినవి. ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సుమారు 23,000 ఎకరములలో అడుగు లోతున నిలుచు నీరు. 1983లో ప్రారంభమైన తెలుగుగంగ పథకమున, శ్రీశైలము నుండి వెలుగోడు, సోమశిల, కండలేరుల మీదుగా పోవు నీటితో సీమ, నెల్లూరు పొలములకు గూడ సేద్యము కల్పించిరి. దారిలోని రైతునకు వాటా లభించుట ఈ పథకమునందలి విశేషము.

కావున నీటి మళ్ళింపు మాట వచ్చినపుడు గ్రామసభలలో మనము మూడు ప్రశ్నలు వేయవలెను. మన అవసరములు తీరిన పిదప మిగులు నీరెంత? కాలువ పోవు దారిలోని పల్లెలకు వాటా యెంత? కరవు వచ్చిన యేట ముందుగా ఎవరికి తగ్గింతురు? వీనికి లెక్కలతో కూడిన సమాధానము కోరుట మన హక్కు. దిగువవాని, ఎగువవాని, దూరపువాని దాహమును గూడ ఆ లెక్కలో చేర్చుట మన ధర్మము.