పైడితల్లి: ఆ పేరు ఎక్కడిది, ఎందుకు అరుదవుతోంది?

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పేటల్లో కద్మా ఒకటి. వీరిలో చాలామంది మూలాలు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలకు చెందినవే. ఉత్తరాంధ్రలో మనిషి పేరు వినగానే ఊరు తెలిసిపోయే సందర్భాలు ఎక్కువ. అప్పలనరసమ్మ అంటే సింహాచలం గుర్తుకు వస్తుంది. పైడితల్లి అంటే విజయనగరం గుర్తుకు వస్తుంది. నాయనమ్మల, అమ్మమ్మల తరంలో సాధారణంగా వినిపించిన ఈ పేరు మనవరాళ్ల తరానికి వచ్చేసరికి అరుదైపోయింది. పేరు అర్థానికి విలువ తగ్గడం దీనికి కారణం కాదు. ఆ పేరును పలకవలసిన చోటు, రాయవలసిన లిపి మారడమే ప్రధాన కారణం.

ముందుగా అర్థం చూద్దాం. పైడి అంటే బంగారం. పసిడి అన్న మాటకు ఇది మరో రూపం. పసుపు, పసరు, పసిమి వంటి మాటలకూ దీనికీ మూలధాతువు ఒకటేనని ద్రావిడ భాషల నిఘంటుకర్తలు గుర్తించారు. లేత ఆకుపచ్చ, పసుపు వన్నెలను చెప్పే ఆ ధాతువే బంగారపు మెరుపుకూ పేరైంది. కాబట్టి పైడితల్లి అంటే బంగారు తల్లి. ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్న పేరు కాదు, రెండు భాగాలూ అచ్చ తెలుగే.

ఇక పుట్టుక. విజయనగరం గ్రామదేవత పైడితల్లి అమ్మవారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంతో ఆమె కథ ముడిపడి ఉంది. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు సోదరి పైడిమాంబ యుద్ధం వద్దని అన్నను వేడుకుందనీ, అన్న మరణవార్త విని తనువు చాలించి దేవతలో ఐక్యమైందనీ స్థానిక ఐతిహ్యం చెబుతుంది. ఆ ఏడాది విజయదశమినాడు పెద్దచెరువు నుంచి అమ్మవారి విగ్రహాన్ని వెలికితీశారని భక్తుల విశ్వాసం. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన చింతమాను కొసన అమర్చిన ఆసనంలో పూజారి కూర్చోగా, ఆ సిరిమానును చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు ఊరేగిస్తారు.

సంతానం కోసం మొక్కుకోవడం, పుట్టిన బిడ్డకు మొక్కిన దేవత పేరు పెట్టడం తెలుగునాట పాత ఆచారం. ఆ ఆచారం నుంచే పైడితల్లి, పైడమ్మ, పైడిరాజు, పైడయ్య వంటి పేర్లు వచ్చాయి. అమ్మవారి పేరును మగవారికీ పెట్టడం ఇక్కడి మరో విశేషం. బొబ్బిలి లోక్‌సభ స్థానానికి ప్రాతినిధ్యం వహించిన కొండపల్లి పైడితల్లినాయుడు, ప్రసిద్ధ చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు ఇందుకు ఉదాహరణలు.

ఈ పేరు జంషెడ్‌పూర్‌కు చేరింది ఉక్కు పరిశ్రమతో. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని, కాళీమాటి రైల్వే స్టేషన్‌కు టాటానగర్ అని పేరు పెట్టారు. కాళీమాటి, విజయనగరం స్టేషన్లు రెండూ నాడు బెంగాల్ నాగపూర్ రైల్వే పరిధిలోనివే. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు తమ దేవతలను, పండుగలను, పేర్లను వెంట తెచ్చుకున్నారు. కద్మా పొరుగున సోనారి వద్ద ఖర్కాయి నది కలిసేది సువర్ణరేఖలో. ఆ నది పేరులోనూ ఉన్నది బంగారమే.

అయితే విజయనగరంలో వివరణ అవసరం లేని పేరుకు ఇక్కడ అడుగడుగునా వివరణ కావలసి వచ్చింది. హిందీలో పైడీ అంటే మెట్టు. తల్లికి దగ్గరగా వినిపించే టల్లీ అన్న మాటకు హిందీ వ్యావహారికంలో మద్యం మత్తులో ఉన్నవారు అన్న అర్థం ఉంది. తెలుగులో అమ్మను చెప్పే మాట హిందీ తరగతి గదిలో పరిహాసానికి తావిచ్చే ప్రమాదం ఉందన్నమాట. ఇంగ్లిషు అక్షరాలతో మరో చిక్కు. తెలుగువారు త అక్షరానికి టి పక్కన హెచ్ చేరుస్తారు. హిందీ ప్రాంతంలో ఆ జంటను థ అని చదువుతారు. దాంతో పైడితల్లి కాస్తా పైడిథల్లి అవుతుంది. మొదటి అక్షరాన్ని కొందరు పి, వై అనీ, కొందరు పి, ఏ, ఐ అనీ రాయడంతో ఒకే పేరుకు పలు రూపాలు ఏర్పడతాయి.

ఈ తేడాల భారం ఆ పేరున్న పెద్దవారి మీదే పడుతుంది. బ్యాంకు ఖాతాలో ఒక రూపం, ఆధార్‌లో మరొకటి, భర్త ఉద్యోగ రికార్డులో ఇంకొకటి ఉంటే పింఛను, భవిష్యనిధి వ్యవహారాలు నిలిచిపోవచ్చు. ఆధార్‌లో పేరును సాధారణంగా రెండుసార్లకు మించి మార్చుకునే వీలు లేదు. కాబట్టి సవరణకు ముందే అన్ని పత్రాలలో ఏ రూపం ఉండాలో నిర్ణయించుకోవడం మేలు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పేరు తగ్గుతూ వచ్చింది. అమ్మతో, తల్లితో ముగిసే పేర్ల స్థానంలో మొదట కుమారి, లక్ష్మి వంటివి చేరిన పేర్లు, తర్వాత రెండు మూడు అక్షరాల సంస్కృత పేర్లు వచ్చాయి. బంగారాన్ని సూచించే స్వర్ణ, హేమ, కాంచన, హిరణ్మయి నేటికీ నాగరికంగానే వినిపిస్తున్నాయి. అదే అర్థమున్న పైడి మాత్రం పల్లెటూరి పేరన్న ముద్ర మోస్తోంది.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి ఉదాహరణలున్నాయి. స్పెయిన్‌లోని కాటలోనియాలో మోంత్సెరాత్ కొండపై వెలసిన మేరీమాత పేరును ఒకప్పుడు ఆడపిల్లలకు విరివిగా పెట్టేవారు. నేడు ఆ పేరు ఎక్కువగా పెద్ద వయసు మహిళల్లోనే కనిపిస్తోంది. క్షేత్రానికి భక్తులు తగ్గకపోయినా పేరు వాడుక తగ్గింది. సిరిమానోత్సవానికి జనం పోటెత్తుతున్నా పైడితల్లులు తగ్గడం ఇటువంటిదే.

పేరు నిలవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. తొందరపడనవసరం లేదు. 1969 జనన మరణ నమోదు చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం బిడ్డ పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించవచ్చు. 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ల వరకు పేరు చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరిక నుంచి పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం కాబట్టి, అందులో నమోదయ్యే అక్షరాలను జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంట్లో పైడితల్లి అనే పెద్దావిడ ఉంటే, ఆ పేరుకు అర్థమేమిటో, ఆమెకు ఎవరు పెట్టారో పిల్లలకు చెప్పడానికి మాత్రం ఏ గడువూ లేదు, రుసుమూ లేదు.