‘ప్రిఫర్ యాన్ అప్పీల్’ ఎలా రాయాలి?

సమాచార హక్కు చట్టం కింద అడిగిన వివరాలు ఇవ్వలేదు, లేదా అరకొరగా ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అలాంటప్పుడు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చంటుంది 2005 నాటి ఆ చట్టంలోని 19వ సెక్షన్. అక్కడ ఇంగ్లిష్‌లో వాడిన మాట ‘ప్రిఫర్ యాన్ అప్పీల్’.

ఇక్కడే తికమక. ప్రిఫర్ అంటే ఇష్టపడటమని బడిలో నేర్చుకున్నాం కదా! చట్టం భాషలో మాత్రం దాఖలు చేయడమని అర్థం. ‘ఐ ప్రిఫర్ టు అప్పీల్’ అని రాస్తే అప్పీలుకే మొగ్గు చూపుతున్నానన్నట్టు అవుతుంది. ‘ప్రిఫర్ ఫర్ అప్పీల్’ అయితే వ్యాకరణానికే నిలవదు. అప్పీలు అందుకునే అధికారికి ముందు ‘టు’, సవాలు చేసే ఉత్తర్వుకు ముందు ‘అగెనెస్ట్’ రావాలి. ‘ఐ ప్రిఫర్ దిస్ అప్పీల్ టు ద ఫస్ట్ అపిలేట్ అథారిటీ అగెనెస్ట్ ద ఆర్డర్ డేటెడ్...’ అని మొదలుపెట్టి ఉత్తర్వు తేదీ వేస్తే సరిపోతుంది.

‘ఫైల్ యాన్ అప్పీల్’ అన్నా తప్పులేదు. సామాన్యుడికి అదే సులువు కూడా.

గడువు దాటితే మాత్రం ఎంత చక్కటి ఇంగ్లిష్ రాసినా చిక్కే. జవాబు అందిన నాటి నుంచి, అసలు రాకపోతే ఇవ్వాల్సిన గడువు ముగిసిన నాటి నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అక్కడా పని జరగకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దానికి 90 రోజులు.