కుంఫూ గురువు మనవాడేనా?

చైనాకు కుంఫూ నేర్పింది దక్షిణాది యువరాజేనని సినిమాలు చెబుతాయి. మన కృష్ణాతీరంతో ముడిపడిన ఒక పేరు మీద చైనాలో వందల ఏళ్లు కంటి వైద్యం సాగిందన్న సంగతి మాత్రం ఏ సినిమా చెప్పలేదు. మొదటిది కథ, రెండోది చరిత్ర. ఆ రెండింటి వంశవృక్షాలను వెతుక్కుంటూ వెళ్తే దారి అద్దంకి మీదుగానే పోతుంది!

తెల్లని దుస్తులు, నడుముకు రంగురంగుల బెల్టులు, 'హా... హూ...' అంటూ గాల్లోకి విసిరే పిడికిళ్లు. ఆదివారం పొద్దున్నే ఏ చిన్న పట్నంలోని స్కూలు మైదానానికి వెళ్లినా కనిపించే దృశ్యమే. నేర్చుకునేది కరాటే అయినా, కుంఫూ అయినా పిల్లలకు చెప్పే కథ దాదాపు ఒకటే. అనగనగా కంచిలో ఒక పల్లవ రాజకుమారుడు. పేరు బోధిధర్ముడు. సన్యసించి, సముద్రం దాటి చైనా వెళ్లాడు. షావోలిన్ ఆశ్రమంలో భిక్షువులు ధ్యానంలో కునికిపాట్లు పడుతుంటే చూసి వ్యాయామం నేర్పాడు. అదే కుంఫూ అయింది. 2011లో సూర్య హీరోగా వచ్చిన 'సెవెన్త్ సెన్స్'తో ఈ కథ ఇంటింటికీ చేరిపోయింది. అందులో ఆయన యోధుడే కాదు, వైద్యుడు కూడా.

వినడానికి బాగుంది. చెప్పుకోవడానికి గర్వంగానూ ఉంది. మరి నిజమేనా?

రాయి ఏదీ?

వంశం గురించి మాట్లాడాలంటే ఆధారం చూపించాలి. ఆ సంగతి అద్దంకికి బాగా తెలుసు. పండరంగడనే సేనాని పన్నెండు బోయ కొట్టాలను గెలిచాడని చెప్పే ఇక్కడి శాసనం క్రీ.శ. 848 ప్రాంతానిది. అందులో తరువోజ పద్యం ఉంది. తెలుగు పద్యం నన్నయకంటే పాతదని ఎవరైనా అంటే అది ఊరికే అన్నమాట కాదు, వేలు పెట్టి చూపించడానికి రాయి ఉంది.

బోధిధర్ముడి కుంఫూకు అలాంటి రాయి దొరకదు. ఆయన ప్రస్తావన ఉన్న పాత పుస్తకం 547 నాటిది. లోయాంగ్ నగరంలోని ఆరామాల గురించి యాంగ్ షువాన్‌జీ రాసింది. అందులో ఆయన పర్షియా దేశస్థుడు! తరువాత తాన్‌లిన్ అనే భిక్షువు మాత్రం దక్షిణ భారతంలోని రాజకుమారుడని రాశాడు. ఇద్దరూ కుస్తీ గురించిగానీ, కర్ర తిప్పడం గురించిగానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన పేరుతో చెలామణీ అయ్యే వ్యాయామ గ్రంథం 'యీజిన్ జింగ్' 1624 నాటిది. అంటే ఆయన తరువాత వెయ్యేళ్లకు పుట్టిందన్నమాట. దాని పాత ముందుమాటలు కల్పితాలని చైనా చరిత్రకారుడు తాంగ్ హావ్ 1930ల నాటికే తేల్చాడు.

షావోలిన్‌కు మన దేశంతో సంబంధమే లేదా అంటే... ఉంది. 495 ప్రాంతంలో ఉత్తర వెయ్ చక్రవర్తి ఆ ఆశ్రమం కట్టించింది బాతువో అనే భారతీయ భిక్షువు కోసమే. కానీ ఆయన నేర్పింది ధ్యానం, ధర్మం. 621లో పదముగ్గురు షావోలిన్ భిక్షువులు కాబోయే తాంగ్ చక్రవర్తికి యుద్ధంలో సాయపడ్డారని 728 నాటి శాసనం చెబుతోంది. వాళ్ల కర్రసాము గురించి వివరంగా తెలిసేది 16, 17 శతాబ్దాల పుస్తకాల వల్ల. పిడికిలి పోరాటం పేరు తెచ్చుకున్నది ఇంకా తరువాత. కాబట్టి కుంఫూ చైనావాళ్ల సొంత కష్టమే. దాన్ని మన ఖాతాలో వేసుకోనక్కర్లేదు.

పల్నాట 'చీన'

అసలు బంధం వేరేచోట ఉంది. అద్దంకి నుంచి నార్కట్‌పల్లి రోడ్డెక్కి, పిడుగురాళ్ల దాటి మాచర్ల వైపు తిరిగితే నాగార్జునకొండ లోయ. సాగర్ నీళ్లలో మునగకముందు 1954-60 మధ్య అక్కడ పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల కాలంలో, అంటే 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక చెక్కించిన శాసనం ఆ లోయలోదే. సింహళ భిక్షువులు ఏయే దేశాల్లో ధర్మం వ్యాపింపజేశారో అందులో వరుసగా ఉంది. కశ్మీరం, గాంధారం, ఆ వెంటనే... చీన! పల్నాటి రాయి మీద చైనా పేరు పదిహేడు వందల ఏళ్ల కిందటే ఉంది.

రాకపోకలు అటునుంచీ సాగాయి. 7వ శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ ధాన్యకటకం (అమరావతి) వచ్చి కొన్ని నెలలపాటు ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. నాగార్జునుడు మందులు కలపడంలో దిట్ట అనీ, శాతవాహన రాజు ఖజానా ఖాళీ అయితే రాళ్లను బంగారం చేశాడనీ తాను విన్న కథలు రాసుకున్నాడు.

లోంగ్‌షూ కంటి వైద్యం

నాగార్జునుణ్ని చైనీయులు 'లోంగ్‌షూ' అంటారు. లోంగ్ అంటే నాగం, షూ అంటే చెట్టు. అర్జునమంటే మద్దిచెట్టే కదా! 7వ శతాబ్దంలో రాసిన సూయ్ రాజవంశ చరిత్రలో అప్పటి గ్రంథాల జాబితా ఒకటుంది. లోంగ్‌షూ బోధిసత్త్వుడి పేరుతో అందులో మందుల పుస్తకం, ఆరోగ్యంగా బతికే పద్ధతుల పుస్తకం, సుగంధాలు కలిపే పుస్తకం కనిపిస్తాయి.

వీటన్నింటికన్నా పేరు తెచ్చుకున్నది కంటి వైద్యం. 752లో వాంగ్ తావ్ కూర్చిన వైద్య గ్రంథంలో భారతీయ నేత్ర వైద్యం మీద ఏకంగా ఒక భాగముంది. కంటిలో శుక్లం ముదిరితే సూదితో దాన్ని పక్కకు తోసేసి వెలుతురు లోపలికి పోయేలా చేయడం అందులోని చికిత్స. మన సుశ్రుతుడు చెప్పిందీ ఇదే. చూపు మందగించిన మహాకవి బై జూయీ (772-846) తన బల్లమీద లోంగ్‌షూ గ్రంథం ఉందని కవితలోనే చెప్పుకున్నాడు. సోంగ్ రాజుల కాలంలో అది వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకం కూడా అయింది. 'షూ' అనే శబ్దం చక్రవర్తి పేరులో ఉంది కాబట్టి పలకకూడదని పుస్తకం పేరును 'లోంగ్‌మూ' అని మార్చారు. 'మూ' అన్నా చెట్టే!

ఆ సూది ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1975లో మావో కంటికి శుక్లం తీసిన డాక్టర్ తాంగ్ యూజీ ఈ పాత పద్ధతికే మెరుగులు దిద్దాడు.

బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడే ఈ పుస్తకాలు రాశాడా అంటే, కాదనే పండితులు అంటారు. ఆ పేరుతో తరువాత మరికొందరు సిద్ధులు, రసవాదులు ఉన్నారు. కానీ భారతదేశం నుంచి వచ్చిన వైద్యానికి చైనావాళ్లు ఎంచుకున్న పేరు మాత్రం ఆయనదే.

వ్యాయామం సంగతీ అంతే. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ పుస్తకంలో 'భారతదేశపు మర్దన పద్ధతి' పేరుతో 18 భంగిమల వరుస ఉంది. ఇది బ్రాహ్మణుల పద్ధతి అని కూడా ఆయన రాశాడు. చేతులు కడుక్కుంటున్నట్టు రుద్దుకోవడం, బలమైన విల్లు లాగుతున్నట్టు చేయి సాచడం... ఇలా సాగుతుంది. రోజూ మూడుసార్లు చేస్తే ముసలివాళ్లు కూడా నెలలో గుర్రంలా పరుగెడతారని భరోసా ఇచ్చాడు. పోరాటం కాదు, ఒంటికి కసరత్తు. మన దేశం పేరుతో చైనా పుస్తకంలోకి ఎక్కిన భంగిమలు ఇవే.

రేవు దిగిన మందులు

ఇక సముద్రం వైపు వస్తే, చీరాల దగ్గరి తీరంలో మోటుపల్లి రేవు. 1244-45లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ ఇక్కడ శాసనం వేయించాడు. సుంకం కట్టాల్సిన సరుకుల్లో గంధం, ముత్యాలు, పట్టుతోపాటు 'చీనా కర్పూరం' కూడా ఉంది. ఆ తరువాత అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి స్థాపించిన రాజ్యానికి కూడా సముద్రం మీద వాకిలి ఇదే. 1358లో ఆయన కొడుకు అనపోతారెడ్డి మళ్లీ వర్తకులకు రాయితీలు ప్రకటించాడు.

మూలికల దుకాణంలో అడిగితే దొరికే పరంగిచెక్క తెలుసుగా? కొందరు ఫిరంగిచెక్క అంటారు. పేరు చూస్తే ఐరోపాది అనిపిస్తుంది. నిజానికి అది చైనా దుంప. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఓడల్లో రావడంతో 'పరంగి' పేరు అంటుకుంది. ఉత్తరాదిలో దాన్నే చోప్‌చీనీ అంటారు. ఆ పేరులోనే చైనా ఉంది. ఆ మాటకొస్తే గుంటూరు మిరప మాత్రం? అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసులతోనే వచ్చింది!

కర్ర పట్టిన చేయే...

ఇచ్చిపుచ్చుకోకుండానే రెండుచోట్లా ఒకేలా పెరిగినవీ ఉన్నాయి. దక్షిణ చైనాలో కుంఫూ గురువంటే ఎముకలు సరిచేసే వైద్యుడు కూడా. సినిమాలతో ప్రపంచానికంతా తెలిసిన వోంగ్ ఫెయ్‌హంగ్ (1847-1925) మందుల దుకాణం నడిపినవాడే. దెబ్బలు తగిలేచోట కట్టు కట్టేవాడు కావాలి కదా! మన గరిడీల్లో కర్రసాము, కత్తిసాము నేర్పిన గురువుల్లోనూ బెణుకులు సరిచేసేవాళ్లు ఉండేవారు. ఇక పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువే.

పాతదైతే చాలా?

వంశం తెలిస్తే ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పనిచేస్తుందో లేదో తెలియదు. శుక్లాన్ని సూదితో తోసే చికిత్సకు వేల ఏళ్ల చరిత్ర ఉంది. కానీ కంటిలోనే మిగిలిపోయిన శుక్లంతో చీము పట్టి, ఒత్తిడి పెరిగి చూపు పోయినవాళ్లెందరో. అందుకే ఇప్పుడు శుక్లం తీసేసి లెన్సు పెడతారు.

మరోవైపు, 4వ శతాబ్దపు చైనా పుస్తకంలో జ్వరానికి రాసిన ఒక ఆకును తూ యూయూ ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. 1972లో అందులోంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీశారు. 2015లో నోబెల్ వచ్చింది. పాత పుస్తకం దారి చూపింది, నమ్మకం మాత్రం పరీక్షలతోనే కుదిరింది.

పరీక్ష లేకపోతే ఏమవుతుంది? 1990ల్లో బెల్జియంలో సన్నబడే మందుల్లో కలిసిన ఒక చైనా మూలిక వందమందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలను దెబ్బతీసింది. అందులోని విషం అరిస్టోలోకిక్ ఆమ్లం. అదే జాతి మొక్క మన నల్లరేగడి పత్తిచేలలోనూ పెరుగుతుంది. కడుపులో పురుగులకు, చర్మరోగాలకు వాడే గాడిదగడప అదే. తాతల నాటి మందేనని దాన్ని లోపలికి తీసుకునేముందు డాక్టరును అడగడం మంచిది.

పిల్లల్ని కరాటేకో, కుంఫూకో పంపండి. ఒంటికి మంచిది. బోధిధర్ముడి కథా చెప్పండి, కథగానే. ఆ వెంటనే లోంగ్‌షూ సంగతీ చెప్పండి. అది మాత్రం నిజం!