మంత్రమునకు నియమము కలదా?

మంత్రము అనగానే నియమము లేనిదని సామాన్యముగా తలంతుము. మంత్రవాది కోరినది కోరినట్లు జరుగును. ఎట్లు జరిగెనని అడుగువాడు కథను చెడగొట్టినవాడగును. అయినను మంత్రకథలలో నియమమునకు బొత్తిగా చోటు లేకపోలేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రములో ప్రవరుడు పాదలేపము పూసికొని హిమవత్పర్వతమునకు పోయెను. మంచునీటికి లేపము కరగిపోగా తిరిగి రాలేకపోయెను. లేపము నీట కరగుననుట ఒక నియమమే. కాని ఆ సంగతి ప్రవరునికి ముందు తెలియదు, ఆపద వచ్చిన తరువాతనే తెలిసినది. ముందే చెప్పియున్నచో, హిమవత్పర్వతమని విన్నంతనే పాఠకుడు ‘అయ్యో, మంచు!’ అని ఉలికిపడెడివాడు.

అట్లు ఉలికిపడగల పాఠకులను తయారుచేయు కథలు అమెరికాలో వెలువడుచున్నవి. వానిలో ప్రసిద్ధమైనది బ్రాండన్ శాండర్సన్ రచించిన ‘మిస్ట్‌బార్న్’ అను గ్రంథమాల. దీని మొదటి మూడు సంపుటములు 2006, 2007, 2008 సంవత్సరములలో వచ్చినవి. అదే లోకములో సుమారు మూడు వందల ఏండ్ల తరువాత జరిగిన కథగా 2011 నుండి 2022 వరకు మరి నాలుగు సంపుటములు వెలువడినవి. మంత్రముచేత కథలోని చిక్కు విడిపోవలెనన్నచో, ఆ మంత్రము పాఠకునికి ముందుగా ఎంత బాగుగా అర్థమైయున్నదో అంతమేరకే అది సాధ్యమని ఈ రచయిత 2007లో ఒక సూత్రము ప్రకటించెను. నియమములు చెప్పి, కొన్నిటిని దాచి, తరువాతి సంపుటమునకై నిరీక్షింపజేసినచో పాఠకులు ఊరకుందురా? దాచినది ఏమో ఊహించి సిద్ధాంతములు కట్టుదురు. తరువాతి సంపుటము వచ్చి వానిలో కొన్నిటిని నిలబెట్టును, కొన్నిటిని కూలద్రోయును.

విజ్ఞానశాస్త్రము బోధించువారు దీనిని గమనింపదగును. పాఠ్యపుస్తకములో నెగ్గిన సిద్ధాంతములే యుండును, ఓడినవి యుండవు. అందుచే సిద్ధాంతము ఓడుట ఎట్లుండునో విద్యార్థికి తెలియదు. ఇక్కడ ఓడినవి కన్నులయెదుటనే యున్నవి.

ఈ కథాలోకములో కొందరు లోహపు పొడిని మ్రింగి, కడుపులో దానిని ‘మండించి’ శక్తులు పొందుదురు. ఈ విద్యకు అలోమాన్సీ అని పేరు. తగరము మండించినవానికి కన్ను, చెవి, ముక్కు వాడియగును. తగరపు మిశ్రలోహమైన ప్యూటరుచే దేహబలము వచ్చును. యశదముచే ఎదుటివాని ఉద్రేకములు రెచ్చును, ఇత్తడిచే చల్లారును. ఇనుము మండించినవాడు చుట్టునున్న లోహవస్తువులను తనవైపు లాగగలడు; ఉక్కు మండించినవాడు వానిని త్రోయగలడు.

ఈ త్రోపుడులో కథకుని జాగ్రత్త కానవచ్చుచున్నది. త్రోపుడు ఎల్లప్పుడును త్రోయువానిని, లోహమును కలుపు సరళరేఖ వెంబడినే పనిచేయును. 50 కిలోగ్రాముల బాలిక 5 గ్రాముల నాణెమును సెకనుకు 200 మీటర్ల వేగముతో త్రోసెననుకొందము. నాణెపు ద్రవ్యవేగము 0.005 × 200, అనగా 1. న్యూటను మూడవ నియమము ప్రకారము బాలికకును వెనుకకు అంతియే ద్రవ్యవేగము రావలెను. అప్పుడామె వేగము సెకనుకు 2 సెంటీమీటర్లు మాత్రమే. అదే నాణెము నేలను తాకి ఇక కదలలేక నిలిచినచో, ఆమె త్రోయుచున్నది నాణెమును గాదు, భూమిని. అప్పుడు ఆమెయే పైకి లేచును. కథానాయిక విన్ రాత్రులందు నగరపు మిద్దెలమీదుగా ఎగురుట ఇట్లే.

పైకి పోయినకొలది త్రోపుడు బలము తగ్గును. అది ఆమె భారమునకు, అనగా 490 న్యూటనులకు, సమానమైనచోట ఆమె నిలువవచ్చును. కొంచెము క్రిందికి జారినచో బలము పెరిగి పైకి నెట్టును. మీదికి పోయినచో తగ్గి దించును. నిలువున ఈ స్థితి స్థిరమే. ప్రక్కకు మాత్రము అట్లు కాదు. ఆమె ఒక ప్రక్కకు ఒరిగినంతనే త్రోపుడు రేఖయు ఒరిగి, ఆమెను ఇంకను ఆ ప్రక్కకే నెట్టును. వ్రేలిమీద కర్రను నిలువబెట్టినవానికి ఈ కష్టము తెలియును.

ఇంతకు ఈ శక్తి ఎక్కడిది? ‘మండించుట’ అను మాటనుబట్టి మొదట తోచు సిద్ధాంతము లోహమే ఇంధనమనుట. దీనిని లెక్కతో పరీక్షింపవచ్చును. 50 కిలోగ్రాముల మనిషి 20 మీటర్ల ఎత్తునకు లేచుటకు 50 × 9.8 × 20, అనగా 9,800 జౌళ్ల శక్తి కావలెను. ఒక గ్రాము ఇనుము ప్రాణవాయువుతో పూర్తిగా సంయోగమందినచో సుమారు 7,400 జౌళ్లు వెలువడును. అనగా గ్రామున్నర కంటె తక్కువ ఇనుముతో ఒక మిద్దె ఎక్కవచ్చును! సిద్ధాంతము నిలిచినట్లే యున్నది.

కాని ఒక లోహమునకు సరిపోయినంత మాత్రమున చాలదు. బంగారము సంగతి యేమి? బంగారము కొలిమిలో పెట్టినను ప్రాణవాయువుతో కలియదు. దానినుండి వచ్చు ఉష్ణము సున్న. కథలో మాత్రము బంగారము చక్కగా మండి, మండించినవానికి తన గతమును, తాను కాగలిగియుండిన మరియొక మనిషిని చూపును. అల్యూమినియము దీనికి వ్యతిరేకము. ఒక గ్రాము అల్యూమినియము సంయోగమందినచో సుమారు 31,000 జౌళ్లు, ఇనుమునకు నాలుగురెట్లు. ఇంధన సిద్ధాంతము నిజమైనచో ఇది లోహములలో రాజు కావలెను. కథలో దానిని మండించినవానికి ఏ శక్తియు రాదు సరికదా, కడుపులోనున్న తక్కిన లోహములుకూడ మాయమైపోవును. రెండు సాక్ష్యములు, రెండును ఎదురుగా నున్నవి. ఇంధన సిద్ధాంతము ఇక్కడితో సరి.

దాని స్థానమున వచ్చినది మరియొక ఊహ: శక్తి వేరొకచోటినుండి వచ్చుచున్నది, లోహము దానికి దారి మాత్రమే. దీపములో మండునది నూనె. వత్తి దానికి త్రోవ. అయినను వత్తియు కొంచెము కొంచెముగా కాలుచుండును, వత్తి అయిపోయినచో దీపము ఆరిపోవును. ఈ ఊహచే మరియొక సంగతికూడ పొసగుచున్నది. కథలో మిశ్రలోహపు పాళ్లు తప్పినచో శక్తి రాకపోగా, మండించినవాడు జబ్బుపడును. ఇంధనమైనచో పాళ్లలోని కొద్ది తేడాకు కొద్దిగా శక్తి తగ్గవలెను గాని జబ్బెందుకు? 2008 నాటి మూడవ సంపుటము ఈ ఊహనే బలపరచినది: శక్తి ఆ లోకపు దేవతలలో ఒకరిది.

ఇంతకంటె రసవత్తరమైనది లోహముల పట్టిక కథ. మొదటి సంపుటములో పది లోహములు చెప్పబడినవి. పదునొకండవది ఒకటి రహస్యముగా వచ్చును. వానిలో ఒక క్రమము కనబడుచున్నది. ప్రతి శుద్ధలోహమునకు జతగా దాని మిశ్రలోహమొకటి యుండును: ఇనుమునకు ఉక్కు, తగరమునకు ప్యూటరు, యశదమునకు ఇత్తడి, రాగికి కంచు. (ఇత్తడిలో రాగియే హెచ్చు, యశదము తక్కువ; రాగికి జతగా ఇత్తడినే పెట్టియుండినచో మన కంచరులు మెచ్చెడివారేమో. ఇది రచయిత ఇష్టము.) రెండవ సంపుటములో విన్‌కు అల్యూమినియము సంగతి తెలిసినది. వెంటనే ఆమె, దీనికిని జత యుండి తీరవలెనని నిశ్చయించి, అల్యూమినియముతో రకరకముల మిశ్రమములు చేయించి ఒక్కొక్కటే పరీక్షించును. అట్లు దొరకినది డ్యూరాల్యుమిను. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906 ప్రాంతమున కనుగొన్న నిజమైన మిశ్రలోహమిది. దానిలో నూటికి నాలుగు పాళ్ల వరకు రాగి యుండును.

లేనిదానిని పట్టికలోని ఖాళీనిబట్టి ఊహించుట రసాయనశాస్త్రపు విద్యార్థికి క్రొత్త గాదు. 1871లో మెండలీవు తన ఆవర్తన పట్టికలో అల్యూమినియము క్రిందనున్న ఖాళీని చూపి, అక్కడికి రాబోవు మూలకపు పరమాణుభారము సుమారు 68, సాంద్రత సుమారు 5.9 అని వ్రాసెను. 1875లో ఫ్రాన్సులో లకాక్ ద బ్వాబోద్రాన్ గాలియమును కనుగొని, సాంద్రత 4.7 అని కొలిచెను. మెండలీవు ఆ లోహమును కంటితో చూచి యెరుగడు. అయినను, మరల శుద్ధిచేసి కొలువుమని సూచించెను. కొలువగా 5.9 వచ్చినది.

అలోమాన్సీ పట్టికలో ఇట్టి ఖాళీ బంగారము ప్రక్కన ఉండెను. మొదటి సంపుటము బంగారమునకు జతగా ఏటియము అను కల్పిత లోహమును చూపినది. ఎదుటివాడు మరుక్షణమున చేయబోవు పనిని ఏటియము చూపును. కాని అది బంగారపు మిశ్రమము గాదు. నియమమును నమ్మినవాడు ఇక్కడ రెండింటిలో ఒకటి ఒప్పుకొనవలెను: నియమమైనను తప్పు, లేక ఏటియమైనను అక్కడిది గాదు. ఏటియము కథకంతటికిని కేంద్రము. దానిని పట్టికనుండి వెలివేయుటకు ధైర్యము కావలెను. 2008లో తేలినది ఈ రెండవదే. బంగారమునకు నిజమైన జత ఎలెక్ట్రము, అనగా బంగారమును వెండియు కలిసిన మిశ్రమము. ఏటియము ఒక దేవతయొక్క దేహశకలము. తక్కిన లోహముల కోవలోనిది గాదు. పట్టికలో పదునారు లోహములున్నవనుటకు మూడవ సంపుటము ఒక చిత్రమైన ఆధారమిచ్చినది. మంచువలన జబ్బుపడినవారిని లెక్కించగా, ఎక్కడ చూచినను సరిగా నూటికి 16 మంది. సహజముగా వచ్చు జబ్బు ఇంత ఖచ్చితముగా నుండదు. ఇది ఎవరో కావలెనని విడిచిన గుర్తు అని పాత్రలు గ్రహింతురు. 2011 నాటి సంపుటములో కాడ్మియమును, దాని మిశ్రలోహమైన బెండలాయ్‌ను కథలోనికి వచ్చినవి.

పట్టికలో ఇమడనిది నిజప్రపంచములోను ఎదురైనది. 1894లో ర్యాలీ, రామ్సే ఆర్గానును కనుగొన్నప్పుడు దానికి ఆవర్తన పట్టికలో చోటు లేదు. అది మూడు పరమాణువుల నత్రజని కావచ్చునని మెండలీవే శంకించెను. హీలియము, నియాను మొదలైనవికూడ దొరకిన తరువాత పట్టికకు క్రొత్త వరుస చేర్చవలసివచ్చినది. కథలో పట్టిక నిలిచి లోహము బయటికి పోయినది. ప్రకృతిలో వాయువు నిలిచి పట్టిక పెరిగినది. ఏది పోవలెనో, ఏది నిలువవలెనో ముందుగా తెలుపు సూత్రము ఎవరివద్దను లేదు.

బెండలాయ్ మరియొక చిక్కు తెచ్చినది. (నిజమైన బెండలాయ్ బిస్మతు, సీసము, తగరము, కాడ్మియములు కలిసినది; మరుగుచున్న నీటికంటె తక్కువ వేడిమికే కరగును.) కథలో దానిని మండించినవాని చుట్టు ఒక బుడగ యేర్పడి, లోపల కాలము వడిగా నడచును. పది రెట్లు వడి అనుకొందము. లోపలి దీపపు కాంతి బయటికి వచ్చునప్పుడు దాని పౌనఃపున్యము పది రెట్లగును. 500 నానోమీటర్ల ఆకుపచ్చని వెలుగు 50 నానోమీటర్ల అతినీలలోహిత కిరణమై బయటివారిని బాధింపవలెను. బయటి వెలుగు లోపలివారికి పరారుణమై, కన్నులకు చీకటియే మిగులవలెను. కథలో లోపలివారు బయటి వీధిని చక్కగా చూచుచునే యున్నారు. కాంతికి మినహాయింపు ఇవ్వక తప్పలేదని రచయిత పాఠకుల ప్రశ్నలకు సమాధానముగా అంగీకరించెను. నిజాయితీగల సమాధానమే. కాని ఒక మినహాయింపు ఇచ్చిన తరువాత, బుడగ అంచున తుపాకి గుండ్లు దారి తప్పుట వంటి తక్కిన వానిని లెక్కగట్టుటకు పాఠకునికి పట్టు తగ్గినది. ప్రకృతిని ప్రశ్నించువానికి ఇట్టి సౌకర్యము లేదు. మినహాయింపు నిచ్చుటకు గాని, ‘చదివి తెలిసికొనుడు’ అని తప్పించుకొనుటకు గాని అక్కడ రచయిత లేడు. ఈ తప్పించుకొను మాటను పాఠకులలో ప్రచారము చేసినవాడు ‘వీల్ ఆఫ్ టైమ్’ గ్రంథకర్త రాబర్టు జోర్డాను. ఆయన భౌతికశాస్త్ర పట్టభద్రుడగుట విశేషము.

పై తరగతుల విద్యార్థులకు పనికివచ్చు వాదమొకటి యున్నది. ఫెరుకెమీ అను రెండవ విద్యలో ఇనుమునందు తన బరువును దాచుకొని, దాచినంత మరల వాడుకొనవచ్చును. దాచునది భారమా, ద్రవ్యరాశియా? 2011 నాటి కథానాయకుడు వాక్స్ బరువు పెంచుకొని త్రోసినప్పుడు తాను కదలక ఎదుటివస్తువే ఎగిరిపోవును. ద్రవ్యరాశి పెరిగినదనుటకు ఇది సాక్ష్యమని తోచును. కాని నేలమీద నిలిచినవానికి భారము మాత్రమే పెరిగినను పాదములవద్ద ఘర్షణ పెరిగి అతనిని పట్టి యుంచును. రెండింటికిని సరిపోవు సంఘటన ఏ ఒక్కదానికిని సాక్ష్యము గాజాలదు. గాలిలో నున్నప్పుడు చూడవలెను. అక్కడ ఘర్షణ లేదు. 80 కిలోగ్రాములవాడు సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచు నడుమ 20 కిలోగ్రాములకు తగ్గినచో, ద్రవ్యవేగము మారదు గనుక వేగము 20 మీటర్లు కావలెను. తగ్గినది భారము మాత్రమే యైనచో వేగము 5 మీటర్లే. కథలో అతడు గాలిలో బరువు మార్చుకొను ఘట్టములు పెక్కు గలవు. ఒక్కొక్కదానిని తీసికొని ఈ లెక్కతో పోల్చి చూడవచ్చును.