తప్పిపోయిన బిడ్డయు, పసుపు తాఖీదును

మా మడకశిర సీమలో వానలు మొగము చాటువేసిన యేడు వేరుసెనగ పైరు నిలువదు, ఇంటి మగపిల్లలును నిలువరు. పెక్కుమంది బెంగుళూరు చేరుదురు. కొందరు దళారి మాట నమ్మి సముద్రము దాటుదురు. బడిపంతులుగారి యిల్లు గదా యని, ఫోనులో వచ్చిన వార్తలు చదివించుకొనుటకు తల్లులు మా వాకిటికి వచ్చుచుందురు. వార్తలు నిలిచిపోయినచో ఎవరి నడుగవలెనన్నదే వారి ప్రశ్న.

ఇంటర్‌పోల్ అను పేరు సోదరీమణులు వినియే యుందురు. సినిమాలు చూచినవారు అది తుపాకులు పట్టి దేశదేశములు తిరుగు భటుల దండని తలతురు. అట్టిది కాదు. 1923లో వియన్నా నగరమున పుట్టి, నేడు ఫ్రాన్సులోని లియాన్ పట్టణమున నున్న యీ సంస్థ, 196 దేశముల పోలీసుల నడుమ వార్తలు నడపు తపాలా కచ్చేరి వంటిది. మన దేశము 1949లో చేరినది. మన పక్షమున ఢిల్లీలోని సి.బి.ఐ. వ్యవహరించును.

దాని తాఖీదులకు రంగులు గలవు. పారిపోయిన నిందితునికై ఎర్రనిది, గుర్తెరుగని శవమునకై నల్లనిది, తప్పిపోయినవారికై, అందును ముఖ్యముగా పిల్లలకై, పసుపుపచ్చనిది. మన గడపలకు పూయు పసుపే అచ్చట వెదకులాటకు గుర్తైనది!

ఎర్ర తాఖీదు వెలువడినంతనే ఎల్ల దేశములును నిందితుని పట్టి యప్పగింపవలెనను నిర్బంధము లేదు. ఏ దేశపు చట్టము ఆ దేశమునదే. శేషాచలపు టెర్రచందనమును దొంగరవాణా చేసెనను అభియోగము గల యొకడు 2015 ఫిబ్రవరిలో మారిషస్ ద్వీపమున పట్టుబడగా, ఇచ్చటికి తెచ్చుటకు నవంబరు వరకును పట్టెను.

2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు కొందరు దళారులను నిర్బంధించిరి. సింగపూరులో కొలువని చెప్పి వీరు పంపిన యువకులు కంబోడియాలో చిక్కి, ఫోను మోసములు చేయుటకు నిర్బంధింపబడిరి. ఈ గుట్టు బయటపడుటకు బాధితుల ఫిర్యాదులే మూలము.

మా మాట యంతయు నిచ్చటనే యున్నది. ఊరిలో నవ్వులపాలగుదుమని, దళారికిచ్చిన అప్పు సొమ్ము మునుగునని, తల్లిదండ్రులు నెలల తరబడి నోరు మెదపరు. మన ఠాణాలో ఫిర్యాదు నమోదు కానిచో లియాన్ కచ్చేరికి మన బిడ్డ పేరే తెలియదు. పూర్వము రాష్ట్రపు పోలీసుల విన్నపములు ఉత్తరములుగా ఢిల్లీకి పోయి చాల జాగయ్యెడివి. 2025 జనవరి 7న ప్రారంభమైన భారత్‌పోల్ అను కంప్యూటరు ఏర్పాటుచే ఆ జాగు తగ్గవలెను.

ప్రయాణమునకు ముందే పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, దళారి పేరు, ఫోను సంఖ్య, ఇటీవలి ఛాయాచిత్రము ఇంట నుంచుకొనుడు. దేవుని గూటిలో నుంచినను సరే, చెదలు పట్టనిచో చాలును.