కింద కిరాయి, పైన మనం: జనగామ, మానుకోట, భూపాలపల్లిలో లెక్క కుదురుతుందా?

"అన్నా, ఇల్లు కట్టి కిరాయికిస్తే ఈఎంఐ అదే కట్టుకుంటది అంటున్నరు, నిజమేనా?" అని చాలామంది అడుగుతున్నారు. ఇవాళ లెక్కేసి చూద్దాం.

అమెరికాలో దీన్ని హౌస్ హ్యాకింగ్ అంటారు. నాలుగు పోర్షన్ల దాకా ఉన్న ఇల్లు కొని, ఒకదాంట్లో ఉంటూ మిగతావి కిరాయికిస్తారు. అక్కడ ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌కి 3.5 శాతం చేతిలో ఉన్నా నడుస్తుంది. మన దగ్గర 30 నుంచి 75 లక్షల హోమ్ లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాటి ఇవ్వొద్దని ఆర్‌బీఐ రూల్.

ఇప్పుడు ఉదాహరణ. రేట్లు మీ ఊరివి పెట్టుకోండి. జీ ప్లస్ 1 ఇల్లు, కింద రెండు పోర్షన్లు, పైన మనం. కట్టడానికి 30 లక్షలు, అందులో మనవి 10. జాగా నాన్నగారిదే అనుకుందాం. 20 లక్షల లోన్, 8.5 శాతం, 20 ఏళ్లు: ఈఎంఐ సుమారు 17,350. కిరాయి రెండు ఆరువేలు, 12,000. మన జేబులోంచి 5,350. బయట ఉంటే మనం కట్టే కిరాయి కూడా అంతే కదా! ఇది కుదిరింది.

అదే జాగాకి ఇంకో 20 లక్షలు అప్పు తెస్తే? ఈఎంఐ 34,700. కిరాయి మాత్రం అదే 12,000. నెలకి 22,700 మనమే కట్టాలి. ఇల్లు అదే, తేడా అంతా జాగాదే. సొంత జాగా లేనివాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించండి.

కిరాయికి ఎవరొస్తారు? మూడూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి, కాబట్టి ఆఫీసు ఉద్యోగులు ఉంటారు. మానుకోటకి 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో మెడికల్ కాలేజీలొచ్చాయి. జనగామకి హైదరాబాద్, వరంగల్ రెండువైపులా రైలుంది. భూపాలపల్లిలో సింగరేణి, చెల్పూరు కరెంటు ప్లాంటు. కానీ అక్కడ కంపెనీ క్వార్టర్లు కూడా ఉన్నాయి, అది మర్చిపోవద్దు.

ఇంకో రెండు మాటలు. పోర్షన్‌కో కరెంటు మీటర్ పెట్టించండి. ఒకే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబ్‌లోకి పోతాయి, బిల్లు దగ్గర రోజూ పంచాయితీ. రెండోది, ఒక పోర్షన్ ఖాళీ అయితే ఆ నెల 11,350 కట్టాలి. ఆర్నెల్ల ఈఎంఐ పక్కన పెట్టాకే పునాది తియ్యండి.

రెండో ఇల్లు ఎప్పుడు? మొదటిది ఏడాది పాటు మీ జీతాన్ని ఇబ్బంది పెట్టకుండా నడిచాక. మీ ఊర్లో పోర్షన్ కిరాయి ఎంతో కింద రాయండి, ఆ లెక్క కూడా వేద్దాం. ఉంటాను!